తలుపు చప్పుడు

(తెనాలిలో ఒక గ్రంథాలయంలో సినిమా ప్రేక్షకులంతా కలుసుకున్న సాయంత్రం, 36 ఏళ్లు థియేటర్లో ప్రొజెక్టర్ నడిపిన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలున్నాయి.

పాత సినిమాల గురించి, కొత్త సినిమాల గురించి జనం ఏమనుకుంటారో చెప్పమని నన్ను పిలిచారు. నేను సినిమా తీసినవాణ్ణి కాదు, రాసినవాణ్ణీ కాదు. జనం సినిమా చూస్తుంటే, 36 ఏళ్లపాటు ఆ జనాన్ని చూసినవాణ్ణి. అందుకే పిలిచారనుకుంటున్నాను.

1976లో, పదిహేడేళ్ల వయసులో, ఈ ఊళ్లోనే ఒక థియేటర్లో క్యాబిన్ హెల్పర్‌గా చేరాను. స్టేషన్ నుంచి సినిమా పెట్టె రిక్షాలో తేవడం, అయిపోయిన రీలు వెనక్కి చుట్టడం, మిషన్‌లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు అరిగిపోతే మార్చడం నా పని. తర్వాత పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని ఆపరేటర్నయ్యాను. 2012లో మా హాలుకి డిజిటల్ వచ్చింది. రీలు లేదు, పెట్టె లేదు. ఆ ఏడే మానేశాను.

క్యాబిన్ గోడకి ఒక్కో మిషన్ దగ్గర రెండేసి కంతలుంటాయి. ఒకదాంట్లోంచి వెలుగు పోతుంది. రెండోదాంట్లోంచి ఆపరేటర్ తెర వంక చూస్తాడు. పెద్ద రీలు 2000 అడుగులు, ఇరవై నిమిషాలు నడుస్తుంది. అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పైమూల ఒక చుక్క పడుతుంది. మీలో నలభై దాటినవాళ్లంతా చూసే ఉంటారు, ఎందుకో తెలిసి ఉండదు. ఆ చుక్క మా కోసం. మొదటి చుక్కకి రెండో మిషన్ మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి వెలుగు ఇటునుంచి అటు మార్చాలి. ఆ ఒక్క క్షణం తెర మీద కళ్లుంటే చాలు. మిగతా ఇరవై నిమిషాలూ నేను చూసింది కింద ఉన్న తలకాయల్ని. విన్నది తలుపు చప్పుడు.

మా హాల్లో నేల, బెంచీ తరగతులకి పక్క తలుపులుండేవి. పాత బందులు, తెరిస్తే కిర్రుమనేవి. బొమ్మ బాగుంటే ఆ తలుపు మోగదు. బాగోలేకపోతే బీడీ కోసం ఒకడు, నీళ్ల కోసం ఒకడు, ఏమీ లేకపోయినా ఇంకొకడు లేస్తారు. ఏ రీల్లో తలుపు ఎన్నిసార్లు మోగిందో నాకు నోటికి ఉండేది. మ్యాట్నీ వదిలాక మేనేజరుగారు పైకొచ్చి "ఎట్లా ఉందిరా బొమ్మ?" అనడిగితే, "ఇంటర్వెల్ దాకా ఫర్వాలేదండీ, తొమ్మిదో రీల్లో తలుపు ఆగలేదు" అనేవాణ్ణి. ఆయన కింద టికెట్ల లెక్క చూసుకునేవారు. నా లెక్క ఇది.

ఇప్పుడు శంకరాభరణం సంగతి చెబుతాను. 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. హీరో అనదగ్గ కుర్రాడు లేడు. నాటకాల్లో పేరున్న, రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసుకునే జె.వి. సోమయాజులు గారు ముఖ్యపాత్ర. కథంతా సంగీతం. మొదటి రోజుల్లో చాలాచోట్ల హాళ్లు బోసిపోయాయని ఆ సినిమా తీసినవాళ్లే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. మా హాల్లో కూడా అంతే. మొదటి మ్యాట్నీకి నేలలో నలుగురు, బెంచీల్లో ఓ పదిమంది, బాల్కనీలో రెండు కుటుంబాలు. మేనేజరుగారు ముఖం వేలాడేసుకుని పైకొచ్చారు. "ఎత్తేద్దామా?" అన్నారు. నేను చెప్పాను, "ఏవండీ, ఆట మొత్తం మీద తలుపు ఒక్కసారి కూడా మోగలేదండీ."

ఆయనకి ముందు అర్థం కాలేదు. హాలు ఖాళీగా ఉంది కాబట్టి తలుపు మోగలేదనుకున్నారు. కాదండీ, అంత ఖాళీ హాల్లో అయితే మామూలుగా అది ఇంకా ఎక్కువ మోగుతుంది. మనుషులు కాళ్లు చాపుకుంటారు, సీట్లు మారతారు, బయటికిపోయి వస్తారు. ఆ పాతికమందీ కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. ఆఖరి పాటలో కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. బొమ్మ అయిపోయి లైట్లు వేసినా లేవలేదు.

వాళ్లు ఊళ్లోకి వెళ్లి చెప్పారు. ఒకాయన కాఫీ హోటల్లో చెప్పుంటాడు, ఒకావిడ బావి దగ్గర చెప్పుంటుంది. మా వీధిలో మిషన్ కుట్టుకునే ఒకావిడ ఆ మొదటి వారంలోనే చూసొచ్చి మా అమ్మతో అన్న మాట నేను మా అరుగు మీద కూర్చుని విన్నాను. "సంగీతం నాకేం తెలుసు వదినా, ఆయన వానలో నిలబడి పాడుతుంటే మా నాన్న పొలం గట్టున నిలబడ్డట్టుంది. ఎవరికీ లొంగేవాడు కాదు మా నాన్న." అంతే. బాగుందనలేదు, బాగోలేదనలేదు, చూడమనీ అనలేదు. మా అమ్మ మర్నాడు పక్కింటివాళ్లని వెంటబెట్టుకుని మొదటి ఆటకి వెళ్లింది. రెండో వారం నుంచి మా హాల్లో కుర్చీ దొరకలేదు. ఆ తర్వాత సంగతి దేశమంతటికీ తెలుసు. జాతీయ అవార్డులొచ్చాయి. తమిళనాడులో, కర్ణాటకలో తెలుగులోనే ఆడింది.

అంత పెద్ద సినిమాని మొదట నిలబెట్టింది పోస్టరు కాదండీ, పేపర్లో రాతలూ కాదు. ఇలా కుట్టు మిషను తొక్కుకునేవాళ్లు, కాఫీ తాగేవాళ్లు చెప్పుకున్న మాటలు. ఆవిడ చెప్పిన పద్ధతి ఒకసారి గమనించండి. తను ఏం చూసిందో చెప్పింది, అది తనకి ఎవర్ని గుర్తుకు తెచ్చిందో చెప్పింది. తీర్పు చెప్పలేదు. కోర్టులో జడ్జీ ఒక్కడే ఉంటాడు, సాక్షులు చాలామంది ఉంటారు. సినిమా చూసొచ్చినవాడు సాక్షి. చూసింది చూసినట్టు చెప్పడం వాడి పని.

ఇప్పుడేం జరుగుతోందో మీకు తెలుసు. ప్రివ్యూ వదలగానే గేటు దగ్గర పదిమంది కుర్రాళ్లు మైకులు పట్టుకుని నిలబడతారు. హైదరాబాద్ ప్రసాద్స్ దగ్గర, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో అయితే ఇంకా ఎక్కువ. "ఎలా ఉందన్నా? రేటింగ్ ఎంతిస్తారు?" అని అడుగుతారు. అప్పుడే చీకట్లోంచి వెలుగులోకి వచ్చిన మనిషి, కళ్లింకా చికిలించుకుంటున్నాడు, రెండున్నర గంటలు లోపల జరిగింది ఇంకా వాడిలో సర్దుకోలేదు. వాణ్ణి పట్టుకుని అంకె చెప్పమంటే ఏం చెబుతాడు? "బ్లాక్‌బస్టర్" అంటాడు, లేదా "డిజాస్టర్" అంటాడు. రెండూ వాడి మాటలు కావు. పక్కన నిలబడ్డ గుంపు ఏమంటే అదే.

ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ మైకు మీద బతుకుతున్నవాళ్లున్నారు. నా బాధ అడిగే ప్రశ్న గురించి. "నీకు ఏ సీను గుర్తుండిపోయింది తమ్ముడూ?" అని అడిగి చూడండి. అదే కుర్రాడు ఒక్క నిమిషం ఆగుతాడు. ఆగి చెబుతాడు.

కలెక్షన్ల గొడవ కూడా ఇంతే. మా రోజుల్లో డీసీఆర్ అని ఒక కాయితం ఉండేది, రోజువారీ వసూళ్ల లెక్క. మేనేజరు రాస్తాడు, డిస్ట్రిబ్యూటర్ మనిషి సంతకం పెట్టి తీసుకెళ్తాడు. ప్రేక్షకుడు దాని ముఖం చూసి ఎరగడు. వంద రోజుల బోర్డులు, కేంద్రాల లెక్కలు, అభిమాన సంఘాల పట్టుదలలు అప్పుడూ ఉన్నాయి, లేవని నేను అబద్ధం చెప్పను. ఒక హీరో బొమ్మ మీద ఇంకో హీరో వాళ్లు పేడ కొట్టడం ఈ కళ్లతో చూశాను. కానీ ఇంటికెళ్లి భోజనం దగ్గర కూర్చుని "ఈ బొమ్మ మొదటి రోజు షేర్ ఎంత?" అని మాట్లాడుకున్న ఇల్లు నాకు తెలియదు. ఇవాళ పదో తరగతి పిల్లాడికి కూడా గ్రాస్ అంటే ఏమిటో, షేర్ అంటే ఏమిటో తెలుసు. ఆ సినిమాలో తండ్రి పాత్ర కొడుకుతో ఎందుకలా మాట్లాడాడో అడిగితే మాత్రం గుర్తులేదంటాడు. చూశాడు కదా, గుర్తులేకపోవడమేమిటి? ఆ దృష్టితో చూడలేదు.

మొదటి రోజు మాట ఆఖరి మాట కాదని మన తెలుగు సినిమాలే చెప్పాయి. ఖలేజా 2010 అక్టోబర్‌లో వచ్చింది. నేనే వేశాను. రెండో వారానికి తలుపు చప్పుడు కూడా లేదు, తలుపు తియ్యడానికి మనుషులుండాలి కదా. జనం మహేష్‌బాబు నుంచి ఇంకేదో అనుకుని వచ్చారు. ఆ హీరో అంత తేలిగ్గా, అంత వేళాకోళంగా మాట్లాడతాడని ఎవరూ ఊహించలేదు. అదే సినిమా తర్వాత టీవీలో వచ్చింది, మళ్లీ వచ్చింది, వస్తూనే ఉంది. ఇంట్లో మంచం మీద పడుకుని, ఏ ఆశా పెట్టుకోకుండా చూసినవాళ్లకి అది నచ్చడం మొదలైంది. మాటలు కంఠతా వచ్చేశాయి. 2025 మే నెలాఖర్లో మళ్లీ థియేటర్లలో వేస్తే కుర్రాళ్లు పండగ చేసుకున్నారు. అదే ఏడు, 2010లోనే వచ్చిన ఆరెంజ్‌కి కూడా ఇంతే జరిగింది. నిర్మాతని నష్టాల్లో ముంచిన సినిమా, 2023 మార్చిలో మళ్లీ వేస్తే హాళ్లు నిండాయి.

సినిమా మారలేదు, ఒక్క ఫ్రేమూ మారలేదు. అప్పుడు ఇరవై ఏళ్లవాడికి ప్రేమ శాశ్వతం కాదని ఆరెంజ్‌లో హీరో అంటే ఒళ్లు మండింది. ఇప్పుడు ఇరవై ఏళ్లవాడికి అది తన స్నేహితుడు మాట్లాడినట్టుంది. అందుకని అప్పుడు నచ్చనివాడు తప్పు, ఇప్పుడు నచ్చినవాడు ఒప్పు అని కూడా నేననను. ఇద్దరూ నిజమే చెప్పారు.

ఈ రీ-రిలీజుల గురించి ఒక్కమాట. 2022 ఆగస్టులో పోకిరి మళ్లీ వేసినప్పటి నుంచి ఇదో పెద్ద పండగైంది. పిల్లలు అలా ఒకచోట చేరి పాడుతుంటే నాకు నిజంగా ఆనందం. కానీ తెర మీదకి ఎక్కి ఎగురుతున్నారు, టపాకాయలు కాలుస్తున్నారు. తెర చింపిన వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. దగ్గరగా చూస్తే తెరకి నిండా చిన్నచిన్న చిల్లులుంటాయి. వెనకున్న స్పీకర్ల నుంచి మాట బయటికి రావడానికి. మనిషి చర్మానికి ఉన్నట్టే. దాన్ని తుడవాలన్నా చెయ్యి వణికేది మాకు. నాయనా, మీ హీరో ముఖం పడేది దాని మీదేరా.

ఎక్కడ కూర్చుని చూశాం, ఎప్పుడు చూశాం అనేది కూడా అభిప్రాయంలో భాగమే. జగదేకవీరుడు అతిలోకసుందరి 1990 మే 9న విడుదలైంది. ఆ రోజేమిటో మన కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లకి చెప్పనక్కర్లేదు. అదే రోజు తుపాను తీరం దాటింది. చెట్లు పడ్డాయి, స్తంభాలు పడ్డాయి, రోడ్ల మీద మోకాటిలోతు నీళ్లు. సినిమా సంగతి ఎవడిక్కావాలి ఆ పరిస్థితిలో? వాన తెరిపిచ్చాక జనం వచ్చారు. లుంగీలు ఎగ్గట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు. మా హాల్లో నేల ఇంకా తడిగానే ఉంది. జనరేటర్ మీద వేశాను. ఇళ్లల్లో కరెంటు లేదు, పైకప్పులు ఎగిరిపోయినవాళ్లున్నారు, వడ్లు తడిసిపోయినవాళ్లున్నారు. అలాంటివాళ్ల ముందు తెర మీద ఇంద్రలోకం నుంచి శ్రీదేవి దిగొచ్చింది. ఆ నిశ్శబ్దం, ఆ తర్వాత ఈల... ఆ ఈల నాకు ఇప్పటికీ వినపడుతుంది.

2025లో సరిగ్గా అదే మే 9న, 35 ఏళ్లకి, మళ్లీ విడుదల చేశారు. మా మనవరాలు హైదరాబాద్‌లో చూసి ఫోన్ చేసింది. "తాతయ్యా, పాటలు చాలా బాగున్నాయి, శ్రీదేవి చాలా బాగుంది, కథ మాత్రం సాగదీసినట్టుంది" అంది. నేను వాదించలేదు. ఏసీలో కూర్చుని చూసిన పిల్లకి అది సాగదీసినట్టే ఉండొచ్చు. తడిబట్టలతో కూర్చున్న మాకు ఇంకో నాలుగు రీళ్లుంటే బాగుండనిపించింది.

ఆ పిల్ల సంగతి వచ్చింది కాబట్టి మిస్సమ్మ దగ్గరికి వెళ్దాం. ఇది కొంచెం సేపు చెబుతాను, ఏమనుకోకండి.

మిస్సమ్మ 1955లో వచ్చింది. విజయా వాళ్ల చిత్రం, ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వం. దాని వెనకున్న చక్రపాణి గారు మన తెనాలి మనిషే. నేను క్యాబిన్‌లో ఉండగా ఉదయం ఆటలకి ఎన్నోసార్లు వేశాను. నాకు మాట మాటా వచ్చు. మొన్న సంక్రాంతికి మనవరాలు వస్తే టీవీలో పెట్టి కూర్చోబెట్టాను. తన వయసు ఇరవై ఒకటి. నా ఉద్దేశం, పాత సినిమా గొప్పతనం తనకి చూపిద్దామని. నాకు ఏమీ చూపించే పని లేకపోయింది. తనే నాకు చూపించింది.

మొదటి అరగంటలోనే "తాతయ్యా, వీళ్లు మాలాంటివాళ్లే" అంది. అదేమిటే అంటే, "డిగ్రీ చేతిలో ఉంది, ఉద్యోగం లేదు. ఉద్యోగం కావాలంటే మొగుడూ పెళ్లాలై ఉండాలంటున్నారు, కాబట్టి మొగుడూ పెళ్లాలమని అబద్ధం చెప్పారు. మేం రెజ్యూమెలో రాసే అబద్ధాలు ఇంతకంటే ఏం తక్కువ?" అంది. నేను ఇన్నేళ్లూ దాన్ని హాస్యచిత్రం అనుకున్నాను. పాటల కోసం, సావిత్రి మూతి విరుపుల కోసం చూశాను. నిరుద్యోగుల కథ అని నాకు తట్టనే లేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ప్రతి సీన్లో ఉంది. అది ఉంది కాబట్టే ఆ నవ్వు నిలబడింది.

అంతటితో ఆగలేదు. సినిమా అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "మేరీ క్రైస్తవ కుటుంబంలో పెరిగింది, చదువుకుంది, ఉద్యోగం కోసం ఇల్లు వదిలి వచ్చింది. చివరికి ఆ అమ్మాయి తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలితే గానీ పెళ్లి కుదరలేదు. మేరీగా ఉండగానే కుదిరితే ఏం పోయేది తాతయ్యా?"

నాకు జవాబు రాలేదండీ. ఎన్నిసార్లు ఆ ఆఖరి రీలు ఎక్కించాను! సుఖాంతం అనుకుంటూ ఎక్కించాను. మా హాలుకి వచ్చినవాళ్లలో క్రైస్తవ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, మన ప్రాంతం కదా. వాళ్లకి ఆ ఆఖరి రీల్లో ఏమనిపించి ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. తలుపు మోగలేదు కాబట్టి అందరికీ బాగుందనుకున్నాను. కదలకుండా కూర్చున్నవాళ్ల మనసులో కూడా ఒక మాట ఉండొచ్చని, అది వాళ్లు చెబితేనే మనకి తెలుస్తుందని ఆ రోజు అర్థమైంది. అందుకే ఇలాంటి కూటములంటే నాకిష్టం.

నా అభిప్రాయం అడిగితే, మిస్సమ్మ అంటే ఇప్పటికీ నాకు అంతే ఇష్టం. 1955లో ఒక క్రైస్తవ అమ్మాయినీ ఒక హిందూ అబ్బాయినీ ఒకే ఇంట్లో పెట్టి, ఇద్దరి పట్లా అంత మర్యాదగా కథ నడపడమే చాలా పెద్ద సంగతి. మనవరాలితో అదే అన్నాను. "పెద్ద సంగతే, ఇంకో అడుగు వేస్తే ఇంకా పెద్దదయ్యేది" అంది. మేం ఇంకా అక్కడే ఉన్నాం. దసరాకి వస్తానంది, మళ్లీ చూద్దామని ఒప్పందం.

(సభలో ఒకరు: "పాత సినిమాల ముందు ఇప్పటివి నిలుస్తాయా అండీ?")

మంచి మాట అడిగారు బాబాయ్ గారూ. నేను క్యాబిన్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. 1957లో వచ్చినవన్నీ మాయాబజార్లు కావు. పెట్టె విప్పి, రెండు రోజులు ఆడించి, మూడో రోజు మళ్లీ కట్టేసి పంపిన పాత సినిమాలు బోలెడున్నాయి. వాటి పేర్లు నాకూ గుర్తులేవు. జల్లెడలో మిగిలినవే మనకి కనపడుతున్నాయి, అందుకని జల్లెడలో పోసినవన్నీ అంత బాగుండేవనుకుంటాం. ఈ ఏడాది వచ్చినవి ఇంకా జల్లెడ పట్టలేదు. అన్నీ కలిసి ఉన్నాయి, కంగారు పడుతున్నాం.

మొన్నామధ్య లిటిల్ హార్ట్స్ అని చిన్న సినిమా వచ్చింది, 2025 సెప్టెంబర్‌లో. ఎంసెట్‌లో ర్యాంకు రాని కుర్రాడి కథ. నేను వెళ్లి చూశాను. హాలు నిండా కోచింగ్‌లలో నలిగిన పిల్లలే. వాళ్లు నవ్వుతున్న చోట్ల సగం నాకు అర్థం కాలేదు. కానీ ఆ నవ్వు ఎలాంటిదో నాకు తెలుసు. తన ఇంటి సంగతి తెర మీద కనపడితే వచ్చే నవ్వు అది. రిక్షావాళ్ల సీన్లకి మా నేల తరగతి అలాగే నవ్వేది.

ఇంకోటి. పోయిన సినిమాలు కూడా ఉన్నాయి. మన మొదటి టాకీ హెచ్.ఎం. రెడ్డి గారి భక్త ప్రహ్లాద. చాలా ఏళ్లు అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని చెప్పుకున్నాం. పాత్రికేయులు రెంటాల జయదేవ గారు అప్పటి పత్రికలు తిరగేసి, ఆధారాలు పట్టుకుని, 1932 ఫిబ్రవరి 6 అని నిరూపించారు. ఆ సినిమా ఇవాళ మనకి చూడ్డానికి దొరకదు. అంటే ఏమైంది? బొమ్మ పోయింది, దాని గురించి అప్పటివాళ్లు వేసిన ప్రకటన, రాసిన నాలుగు ముక్కలు మిగిలాయి. మన ఊళ్లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు కథలతో పాటు సినిమాల మీద కూడా ఎంతో రాశారు. ముళ్లపూడి వెంకటరమణ గారు సినిమాలకి రాయకముందు ఆంధ్రపత్రికలో సమీక్షలు రాశారు. అవి ఈ గ్రంథాలయం లాంటి చోట్లే దొరుకుతాయి. కాయితం మీద పెట్టిన మాటకి అంత ఆయుష్షుంది. మీరు చూసిన సినిమా గురించి రెండు ముక్కలు తేదీ వేసి రాసిపెట్టండి. నేను రాసిపెట్టుకోలేదు. ఆ తలుపు లెక్కలన్నీ నాతోనే పోతాయి, అది నాకు బాధే.

తెలంగాణ సంగతి ఒకటి చెప్పి, ఆ తర్వాత మా మేనత్త మాట చెప్పి, మైకు మీకిస్తాను.

బలగం 2023 మార్చిలో వచ్చింది. సిరిసిల్ల వైపు పల్లెలో ఒక ముసలాయన చనిపోతాడు, పిట్టకి పెడితే కాకి ముట్టదు. ఇంట్లో పాత పగలున్నాయి. ఆ పగ దేని దగ్గర మొదలైంది? బావకి భోజనంలో నల్లి బొక్క, అంటే మూలుగుండే ఎముక, పడలేదని. ఇరవై ఏళ్ల మాటామంతీ దానితో తెగిపోయింది. ఈ సినిమాని తెలంగాణలో ఊళ్లకి ఊళ్లు ఆరుబయట తెర కట్టుకుని చూశాయి. అటువైపు ఆపరేటర్‌గా చేసిన నా స్నేహితుడు ఫోన్‌లో చెప్పాడు. "అన్నా, ఊరంత ఒక్కతాన కూసోని ఏడ్చింది. నల్లి బొక్క ముచ్చట రాంగనే ఒక పెద్దమనిషి లేసి అవతలికి పోయిండు. పోయినోడు ఇంటికి పోలే. చీకట్ల చెట్టుకింద నిలబడి ఆఖరిదాంక సూసిండు."

అక్కడ తలుపు లేదు, కిర్రుమనే బందు లేదు. అయినా ఆయన లేచిన సంగతి ఊరందరికీ తెలిసింది. ఆఖర్లో బుడగ జంగాల మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే పాట వచ్చేసరికి ఆయన ఏం చేశాడని అడిగాను. "సీకట్ల కానరాలే అన్నా" అన్నాడు వాడు. చూడనిది చూశానని చెప్పలేదు, అందుకు వాడంటే నాకు గౌరవం. పాట వింటే మనకి ఊహకి అందుతుంది. మన వైపు ఆ ఆచారం వేరుగా ఉంటుంది, ఆ యాస వేరు. నేను గుంటూరు జిల్లావాణ్ణి, నాకూ దుఃఖం ఆగలేదు.

ఇక మా మేనత్త. చదువుకోలేదు. మాయాబజార్‌ని వచ్చిన కొత్తలోనే చూసింది, తర్వాత నేను వేసినప్పుడల్లా వచ్చింది. ఆ సినిమాలో పాండవులు కనపడరన్న సంగతి నాకు చెప్పింది ఆవిడే. "పాండవుల కథరా అబ్బాయ్, ఒక్క పాండవుడన్నా ఉన్నాడేమో చూడు" అంది. నేను అప్పటికి పదిసార్లు వేశాను, గమనించలేదు. 2010లో రంగులు వేసి విడుదల చేసినప్పుడు ఇంట్లో గొడవ. మా అబ్బాయి రంగులుంటేనే పిల్లలు కూర్చుంటారన్నాడు, అది నిజమే. నాకు కెమెరామన్ మార్కస్ బార్ట్లే తీసిన వెన్నెల నలుపు తెలుపుల్లోనే కావాలి. మా అత్తకి అప్పటికి చూపు మందగించింది. "రంగులో ఉంటే నాకేం, లేకపోతే నాకేం, సావిత్రి నడక చూడనీ" అంది.

నడకేమిటత్తా అన్నాను. చెప్పింది. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉంటాడు కదా. అప్పుడు తెర మీద ఉన్నది సావిత్రే, పట్టుచీర, జడ, అన్నీ ఆడపిల్లవే. "కానీ ఆ భుజం చూడు, ఆ అడుగు చూడు. ఎవరూ చూడనప్పుడు రంగారావు నడుస్తాడురా. ఎవరన్నా రాగానే మళ్లీ ఆడపిల్ల. పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కేటప్పుడు ముఖం చూడకు, మోకాలు చూడు" అంది. ఆ రాత్రి నేను చూశాను. ముప్పై ఏళ్లు కంతలోంచి చూసినవాణ్ణి, మొదటిసారి సావిత్రి మోకాలు చూశాను. ఎస్వీ రంగారావు ఉన్నాడక్కడ.

మీరు కూడా నాకలాంటిది ఏదన్నా చెప్పండి. సినిమా పాతదైనా సరే, నిన్నటిదైనా సరే. ఏ హాల్లో చూశారు, పక్కన ఎవరున్నారు, ఏ చోట మీ ఒళ్లు కదిలింది, ఏ చోట లేచి పోదామనిపించింది. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, ఎక్కడ నచ్చలేదో కూడా చెప్పండి. ఇందాకట్నుంచి మూడో వరసలో ఆ అమ్మాయి చెయ్యెత్తుతోంది. మిస్సమ్మ గురించే అనుకుంటాను, ఆ మాట వచ్చినప్పుడు మొదటిసారి ఎత్తింది. బాబూ, మైకు అటివ్వు. చెప్పమ్మా.